పరిశోధక విద్యార్థులు, బృందకృషి, ప్రజలకు విజ్ఞానం: ఒక విమర్శ



కథను, నవలను, కవితను విమర్శ దృష్టితో చదవడం మీకు ఇప్పటికే అలవాటైంది. ఈ పాఠంలో మన విమర్శకులు అంతగా పట్టించుకోని ఒక రకం రచనను చదువుదాం. విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేస్తున్నవారు తమ పరిశోధన గురించి మామూలు జనానికి రాసే వ్యాసం, ఊళ్లో నిలబడి చెప్పే ప్రసంగం, పంచిపెట్టే కరపత్రం ఈ కోవలోకి వస్తాయి. వీటిని 'అవగాహన కార్యక్రమాలు' అని పిలిచి వదిలేస్తుంటాం. కానీ ఇవి కూడా భాషతో చేసే పనులే. వీటిలోనూ కథకుడుంటాడు, శ్రోత ఉంటాడు, చెప్పినవీ దాచినవీ ఉంటాయి. కనుక విమర్శకు ఇవి అతీతం కావు.

ముందుగా ఒక మాట దగ్గర మొదలుపెడదాం.

కాంటూరు అన్న మాట

పెదపాడు ఏలూరుకు దగ్గరలోని మండల కేంద్రం. కొల్లేరు చుట్టూ ఉన్న మండలాల్లో పెదపాడు కూడా ఒకటి. ఈ ప్రాంతం నుంచి మన పాఠాలు చదువుతున్నవారికి 'కాంటూరు' అన్న మాటను వివరించనక్కర్లేదు. మిగిలినవారి కోసం చెబుతాను. సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ సర్వేవాళ్లు పటం మీద గీసే గీత అది. 1999లో అయిదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు వరకు, ఉన్న 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రాంసర్ జాబితాలో చేరింది. 2006లో ఆ గీత లోపల ఉన్న చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగ్గొట్టించింది. తన భూమి గీతకు లోపలుందా బయటుందా అన్నదాని మీద బతుకు ఆధారపడ్డప్పుడు, బడి ముఖం చూడనివారు కూడా 'అయిదో కాంటూరు', 'మూడో కాంటూరు' అంటూ లెక్కగా మాట్లాడతారు.

దీని మీద ఒక్క నిమిషం ఆగండి. 'సాంకేతిక పదాలు జనానికి అర్థం కావు, అందుకే విజ్ఞానం చేరడం లేదు' అన్నది మన దగ్గర బాగా చలామణీలో ఉన్న అభిప్రాయం. కాంటూరు కంటే సాంకేతికమైన పదం ఏముంటుంది? అయినా అది ఊరి మాటైపోయింది. అంటే చిక్కు పదంలో లేదు. తనకు అందులో పాత్ర ఉందని తోచిన మనిషి ఏ పదాన్నైనా నేర్చుకుంటాడు. పాత్ర లేదని తోచినవాడికి ఎంత తేట తెలుగులో చెప్పినా అది పరాయి మాటే.

ఈ పాఠంలో నేను చెప్పదలచుకున్నది దీనికి సంబంధించినదే. పరిశోధన ఎప్పుడూ పలువురి పని. ఆ సంగతి దాచి ఒక్కరి గొప్పగానో, ఎవరిదీ కాని దైవవాణిగానో చెప్పే విజ్ఞాన రచన పాఠకుణ్ణి బయటే నిలబెడుతుంది.

రెండు పేరాలు

కింది రెండు పేరాలు ఈ పాఠం కోసం కల్పించి రాసినవి. కొల్లేటి అంచున చేపల చెరువులున్న ఒక ఊరికి పరిశోధక విద్యార్థుల బృందం వచ్చి, తమ పని గురించి చెప్పిందనుకోండి.

మొదటిది: "కొల్లేరు పరిసర జలాలలో ఫాస్ఫేటు గాఢత పెరుగుట వలన నాచు విపరీతంగా వృద్ధి చెంది, నీటిలో కరిగియున్న ప్రాణవాయువు క్షీణించుచున్నదని పరిశోధనలలో వెల్లడైనది. ఈ విషయమై రైతులు అవగాహన పెంపొందించుకొనవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది."

రెండోది: "మేం నలుగురం. ఒకరం నీళ్లు పట్టాం, ఒకరం సీసాల మీద చీటీలు అంటించాం, ఇద్దరం రాత్రి గదిలో రంగులు చూశాం. మొదటి వారమంతా మిట్టమధ్యాహ్నమే చెరువుకెళ్లాం. ప్రాణవాయువు బాగానే ఉందని రాసుకున్నాం. పడవ నడిపే పెద్దాయన మా పుస్తకం చూసి నవ్వారు. 'మిట్టమజ్జానం కొలిస్తే ఏం తెలుత్తాదండీ? కోడికూత ఏళకి రండి, చేపలు నీటిమీద తలలెత్తుతాయి' అన్నారు. మర్నాడు నాలుగున్నరకి వెళ్లాం. అప్పుడు మా లెక్క మారింది."

రెండు పేరాల్లోనూ శాస్త్రం తప్పు లేదు. పగలు నాచు ఎండను వాడుకుని ప్రాణవాయువును వదులుతుంది. రాత్రి నాచు, చేపలు, అడుగున కుళ్లే మడ్డి కలిసి దాన్ని వాడేస్తాయి. అందుకే తెల్లవారేముందు చెరువులో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. చెరువుల్లో ఏరేటర్లు ఆ వేళ తిరిగేది ఇందుకే. చేపల రైతుకు ఈ సంగతి తెలుసు. తెలిసినవాడి దగ్గరికి వెళ్లి 'అవగాహన పెంపొందించుకొనవలెను' అంటే ఆయన ఏమనుకుంటాడో మీరే ఊహించండి.

ఇప్పుడు భాషను చూడండి. మొదటి పేరాలో కర్త లేడు. 'పరిశోధనలలో వెల్లడైనది' అన్నారు. ఎవరు వెల్లడించారు, ఎలా, ఎన్నిసార్లు పొరపడ్డాక? ఇంగ్లీషు సిద్ధాంత గ్రంథాల్లో కర్మణి వాక్యం రివాజు. తెలుగులోకి అదే అచ్చులో పోస్తే వాక్యం ప్రభుత్వ ప్రకటనలా బిగుసుకుపోతుంది. రెండో పేరాలో కర్తలున్నారు. నలుగురు విద్యార్థులు, అయిదో మనిషి పడవాయన. వాళ్ల పొరపాటు కథలో భాగమైంది. పొరపాటు ఎలా దిద్దుకున్నారో చూసినప్పుడే పాఠకుడికి ఫలితం మీద నమ్మకం కుదురుతుంది.

అలాగని రెండో పేరా లోపం లేనిదనుకోకండి. 'లెక్క మారింది' అని ఆపేశారు. ఎంతకు మారింది? లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల నుంచి ఎన్నింటికి? చెప్పలేదు. పడవాయన నవ్వు మనకు నచ్చుతుంది కాబట్టి అంకె లేదన్న సంగతి మరచిపోతాం. కథ రుచిలో కొలత కరిగిపోవడం జనరంజక రచనలో తరచుగా కనిపించే దోషం. మంచి రచనలో నవ్వూ ఉండాలి, అంకే ఉండాలి.

ఆలోచించండి: మొదటి పేరాలోని సమాచారాన్ని ఒక్క అంకె చేర్చి, కర్తను నిలిపి, నాలుగు వాక్యాల్లో తిరగరాయండి.

భీమవరం నుంచి బోస్టన్‌కు

తెలుగువారందరికీ తెలిసిన ఒక పరిశోధక విద్యార్థి కథను ఇదే కొలతతో చూద్దాం. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. కొల్లేటికి తూర్పున ఉన్న ఊరే అది. 1922లో అమెరికా చేరి, హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదివి, తర్వాత అక్కడి జీవరసాయన విభాగంలో చేరారు. 1930లో పీహెచ్‌డీ పొందారు. ఆయన చేతుల మీదుగా వచ్చిన పనుల్లో అతి ముఖ్యమైనవి కొన్ని ఆ పట్టా రాకముందువే. అంటే పరిశోధక విద్యార్థిగా ఉండగా చేసినవి.

జయంతికీ వర్ధంతికీ పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో ఈ కథ నడిచే తీరు మీకు తెలుసు. పేదరికం, ఓడ ప్రయాణం, చిన్న ఉద్యోగాలు, వరసగా ఆవిష్కరణలు, రాని నోబెల్. ఇందులో ఒక్కడే మనిషి ఉంటాడు. సైరస్ ఫిస్క్ పేరు వస్తే పేరు కొట్టేసినవాడిగా వస్తుంది, లేకపోతే అసలే రాదు. ఆ ప్రయోగశాలలో నిజంగా ఏం జరిగిందో మాత్రం చాలా వ్యాసాల్లో దొరకదు. అదేమంత కష్టమైన విషయం కూడా కాదు. చెప్పి చూస్తాను.

రక్తంలోనో కండరంలోనో ఫాస్ఫరస్ ఎంతుందో తెలుసుకోవాలి. ఫాస్ఫేటుకు మాలిబ్డేటు అనే లవణాన్ని ఆమ్లంలో కలిపి, తర్వాత దాన్ని క్షయకరణం చేసే మరో రసాయనం చేర్చితే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎక్కువైతే నీలం చిక్కన, తక్కువైతే పలచన. ఎంత ఫాస్ఫేటు ఉందో ముందే తెలిసిన ద్రావణం నీలంతో పోల్చి చూస్తే లెక్క తేలుతుంది. ఫిస్క్, సుబ్బారావు 1925లో ప్రచురించిన పద్ధతి సారాంశం ఇది. ఇద్దరి పేర్లతోనే అది ఈనాటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది.

ఆ పద్ధతిని కండరం నుంచి తీసిన రసం మీద వాడినప్పుడు నీలం రావలసినట్టు ఒక్కసారిగా రాలేదు. కొంతసేపు అలా పెరుగుతూ పోయింది. దీన్ని పరీక్షలో లోపం అనుకుని వదిలెయ్యవచ్చు. వాళ్లు వదల్లేదు. కండరంలో ఏదో సున్నితమైన పదార్థం ఉంది, పరీక్షలోని ఆమ్లానికి అది కొంచెం కొంచెంగా విరిగి ఫాస్ఫేటును వదులుతోంది, అందుకే రంగు ఆలస్యంగా ముదురుతోంది అని గ్రహించారు. 1927లో ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్ ఆ పదార్థమే. ఇంగ్లండులో ఫిలిప్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కూడా అదే సమయంలో దాని జాడ పట్టారు. 1929లో ఏటీపీ విషయంలోనూ అంతే. అటు జర్మనీలో కార్ల్ లోమన్, ఇటు ఫిస్క్, సుబ్బారావు. అదే విభాగంలో అప్పుడు జార్జి హిచింగ్స్ అనే మరో పరిశోధక విద్యార్థి ఫిస్క్ దగ్గర ప్యూరిన్లను కొలిచే పద్ధతుల మీద పనిచేస్తున్నాడు. 1988లో వైద్యశాస్త్రపు నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు.

పేర్లు పెరిగినకొద్దీ సుబ్బారావు తగ్గిపోతున్నారా? నాకలా అనిపించదు. రంగు ఎందుకు ఆలస్యమైందని ఇద్దరు మనుషులు ఒకే గదిలో తల పట్టుకున్న దృశ్యం, ఒంటరి మేధావి బొమ్మ కంటే నమ్మదగ్గది. బీఎస్సీ చదివే పిల్లకు ఆ గదిలో తానూ ఒక కుర్చీ వేసుకోవచ్చన్న ధైర్యం అక్కడే పుడుతుంది. విగ్రహం ముందు దండం పెట్టి వచ్చేయడమే.

తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపించిన పని ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్ని, సంశ్లేషణను వివరిస్తూ 1946లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పత్రానికి 16 మంది రచయితలు. మొదటి పేరు ఏంజియర్‌ది. సుబ్బారావు పేరు మధ్యలో ఎక్కడో ఉంటుంది. పరిశోధన మొత్తానికి నాయకుడైనవాడు తన పేరు అలా మధ్యలో ఉండనిచ్చాడు. ఆయన వ్యక్తిత్వం గురించి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు. మన జయంతి వ్యాసాలు ఆయన్ను పొగుడుతూనే ఈ సాక్ష్యాన్ని తుడిచేస్తున్నాయి.

ఇక్కడ ఒక పిట్టకథ. చెరువు నీటిలో ఫాస్ఫేటును కొలవడానికి ఇవాళ మామూలుగా వాడే పరీక్షలో క్షయకరణ రసాయనం మారింది గానీ, మాలిబ్డేటు, నీలం రంగు అలాగే ఉన్నాయి. భీమవరం కుర్రవాడు బోస్టన్‌లో చూసిన నీలమూ, కొల్లేటి నీళ్ల సీసాలో నేటి విద్యార్థిని చూసే నీలమూ ఒకే కుటుంబానివి. పెదపాడులో ఎవరైనా శాస్త్రం గురించి మాట్లాడదలిస్తే ఇంతకంటే మంచి ప్రారంభ వాక్యం వెతకనక్కర్లేదు.

కృతజ్ఞతల పేజీ

సిద్ధాంత గ్రంథంలో సాహిత్య విమర్శకుడికి పనికొచ్చే పేజీ ఒకటుంది. అది కృతజ్ఞతలు. గైడు, శాఖాధిపతి, తల్లిదండ్రులు, స్నేహితులు వరసగా వస్తారు. చివర 'ప్రత్యక్షంగానూ పరోక్షంగానూ సహకరించిన వారందరికీ' అన్న వాక్యం. ఆ 'వారందరి'లో ఎవరున్నారు? కొల్లేటి మీద పని అయితే దోనె నడిపినవారు, ఏ మడుగులో కొరమీను ఉంటుందో చూపించినవారు, ఆటపాక దగ్గర గూడబాతులు ఏ చెట్ల మీద గూళ్లు కడతాయో ఏళ్లుగా గమనించినవారు. వారి పేర్లు రాయడం మర్యాద కోసమే కాదు. ఫలానా లెక్క ఎవరి కంటితో వచ్చిందో చెప్పడం శాస్త్రీయ నిజాయితీ కూడా. వారు వద్దంటే పేరు రాయకూడదు. అది అడిగి తెలుసుకోవలసిన విషయం.

బృందం లోపల కూడా ఇదే ప్రశ్న. నలుగురు కలిసి చేసిన పని గురించి ఊళ్లో మాట్లాడేది ఎవరు? తరచుగా ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవారు, లేదా సీనియరు. సీసాలు మోసిన అమ్మాయికి ఆ ఊరి మాండలికం వచ్చినా వెనక వరసలో ఉంటుంది. ప్రసంగం ఎంత బాగున్నా ఆ వరస చూసి జనం ఒక పాఠం నేర్చుకుంటారు. చెప్పని పాఠం అది.

తెలుగులో ఉన్న దారి

మనకు ఈ విషయంలో సంప్రదాయం లేకపోలేదు. 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి ఒక్కరి రచన కాదు, పలువురి ఉమ్మడి పని. కొమర్రాజు లక్ష్మణరావు చుట్టూ చేరిన చదువుకున్న యువకులు పనులు పంచుకున్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు లింకన్ జీవితం రాశారు. వైద్యం చదివిన ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం, వేమూరి విశ్వనాథశర్మ రసాయనశాస్త్రం తెలుగులో పెట్టారు. పుస్తకాల వరుసగా ఆలోచించారు కనుకనే అది ఉద్యమమైంది. భాష గ్రాంథికమే, నేడు చదవడం కొంచెం కష్టం. కానీ పని పంచుకున్న పద్ధతి ఇప్పటికీ కొత్తగానే ఉంది.

తర్వాతి తరాల్లో మహీధర నళినీమోహన్, వేమూరి వేంకటేశ్వరరావు, కొడవటిగంటి రోహిణీప్రసాద్ వంటివారు తెలుగు విజ్ఞాన వచనానికి ఒక తీరు తెచ్చారు. నళినీమోహన్ 'కేలెండర్ కథ'లో తిథులూ నెలలూ ముచ్చట్లలా సాగుతాయి. వేమూరి తెలుగు మాటలు పుట్టించడంలో చూపిన పట్టుదల వేరెవరిలోనూ లేదు. ఆయన మాటలన్నీ నిలవలేదు, అది వేరే సంగతి. వీరందరూ పరిశోధనలో స్థిరపడ్డాక రాసినవారు. వీరి గొంతులో అనుభవం ఉంటుంది, తీరిక ఉంటుంది. ఇంకా ఫలితం తేలని, రేపు గైడు ఏమంటారో తెలియని పరిశోధక విద్యార్థి గొంతు తెలుగు వచనంలో చాలా అరుదు. అది లేకపోవడం వల్ల విజ్ఞానమంటే తేలిపోయిన విషయాల మూట అన్న భ్రమ పాఠకుల్లో స్థిరపడింది.

ఇటీవల పరిశోధక విద్యార్థుల్ని జనం వైపు తిప్పే ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన పోటీలో విద్యార్థి తన సిద్ధాంత గ్రంథాన్ని మూడు నిమిషాల్లో, ఒకే ఒక్క చిత్రంతో చెప్పాలి. అది చాలా దేశాలకు పాకింది. మన కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2018లో 'అవసర్' పేరుతో పీహెచ్‌డీ విద్యార్థులకు జనరంజక వ్యాసాల పోటీ పెట్టింది. మొదటి బహుమతి లక్ష రూపాయలు. ఇవి మంచివే. క్లుప్తంగా చెప్పడం నేర్పుతాయి. అయితే రెండింటిలోనూ వేదిక మీద ఒక్కరే ఉంటారు, బహుమతీ ఒక్కరికే. బృందం చేసిన పని పోటీ నియమం వల్లే 'నా పరిశోధన'గా మారిపోతుంది. మూడు నిమిషాల్లో పడవాయనకు చోటెక్కడిది?

ఏలూరు, డిసెంబరు 2020

ఇదంతా శైలికి సంబంధించిన చర్చే కదా అనుకునేవారికి దగ్గరి ఉదాహరణ. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు ఒకటో పట్టణంలో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. కొద్ది రోజుల్లో ఆ సంఖ్య ఆరు వందలు దాటింది. దిల్లీ ఎయిమ్స్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ, నీరి వంటి సంస్థలు రక్తం, నీరు, కూరగాయలు వగైరా నమూనాలు పట్టుకెళ్లి ఎవరి పరీక్ష వారు చేశాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ముందు వార్త వచ్చింది. తర్వాత పురుగుమందుల అవశేషాలు ప్రధాన కారణమన్నారు.

ఎన్ని సంస్థలు పనిచేశాయో చూడండి. బృందకృషికి కొదవలేదు. కానీ జనానికి చేరింది విడివిడి వాక్యాలుగా. నిన్న సీసం, ఇవాళ పురుగుమందు అని వింటే శాస్త్రం మాట మార్చినట్టు తోస్తుంది. నిజానికి ఒక ప్రయోగశాల రక్తంలో లోహాలు వెతుకుతుంది, ఇంకొకటి మందుల అవశేషాలు వెతుకుతుంది, మరొకటి సూక్ష్మజీవులు ఉన్నాయా అని చూస్తుంది. ఒకరు చూసింది మరొకరు చూడలేదు. ఈ పని విభజనను నాలుగు వాక్యాల్లో ముందే చెప్పి ఉంటే, రెండో వార్త మొదటిదాన్ని కొట్టేసినట్టు కాక దానికి చేర్పుగా వినిపించేది. బిడ్డ పడిపోయిన ఇంట్లో ఆ తేడా చిన్నది కాదు. కుళాయి నీళ్లు తాగాలా వద్దా, కూరలు కొనాలా మానాలా అన్నది ఆ వాక్యాల మీదే ఆధారపడి ఉంది.

కనుక ఇలాంటి రచన మీ చేతికి వచ్చినప్పుడు ఇందులో నాకు అర్థం కాని పదాలు ఎన్ని అని లెక్కపెట్టకండి. ఎవరెవరు కలిసి చేశారు, ఎవరు ఏ భాగం చూశారు, ఎక్కడ పొరపడ్డారు, ఏ అంకె దగ్గర ఆగారు, ఇంకా తెలియనిది ఏమిటని రాశారు అని వెతకండి. సమాధానాలు దొరక్కపోతే ఆ లోపం మీ చదువుది కాదు, ఆ రచనది.

ఈ పాఠానికి అభ్యాసంగా మీ ఊరికి దగ్గరలోని చెరువు, కాలువ, వాగు దేని గురించైనా వచ్చిన ఒక పరిశోధన వార్తను దినపత్రిక నుంచి కత్తిరించి పెట్టుకోండి. ఆ నీటిలో రోజూ పనిచేసే ఒకరికి దాన్ని చదివి వినిపించండి. వారు అడిగిన మొదటి ప్రశ్నను యథాతథంగా, వారి మాటల్లోనే, రాసుకుని సంపర్క తరగతికి తీసుకురండి.